పాత మియాటాలో వింత సౌండా? గేర్‌బాక్స్ దింపకముందే మూలం పట్టుకోవడం ఎలా

"అన్నా, వెనక నుంచి ఏదో హోరు వస్తోంది. డిఫరెన్షియల్ పోయిందంటావా?" (డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ శక్తిని రెండు వెనక చక్రాలకు పంచే పళ్ళ పెట్టె.) దీంతో పాటు ఎనిమిది సెకన్ల వాయిస్ క్లిప్ ఒకటి. అందులో ముప్పాతిక భాగం గాలి చప్పుడే. అమెరికాలో వీకెండ్ సరదాకని పాత మాజ్డా మియాటా, అంటే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు, కొనుక్కున్న మనవాళ్ళ నుంచి నాకు ఇలాంటి మెసేజులు వస్తూనే ఉంటాయి. ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పేవి ఇవే మాటలు కాబట్టి, ఒక్కచోట వరసగా రాస్తున్నాను.

ఇక్కడి లెక్కలన్నీ 1990 నుంచి 2005 మోడల్ వరకు వచ్చిన మొదటి రెండు తరాల మియాటాలకు, అంటే ఎన్ఏ, ఎన్‌బీ బండ్లకు సంబంధించినవి. మీది వెనక చక్రాలు తిరిగే వేరే పాత స్పోర్ట్స్ కారు అయినా పరీక్షల వరస ఇదే, అంకెలు మాత్రం మారతాయి.

మొదలుపెట్టే ముందు ఒక విషయం. సీట్లో కూర్చున్నప్పుడు సౌండ్ ఎటునుంచి వినిపిస్తోందో దాన్ని నమ్మకండి. మియాటాలో గేర్‌బాక్స్ తోక నుంచి డిఫరెన్షియల్ దాకా పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్ ఒకటి ఉంటుంది. దాన్నే పవర్ ప్లాంట్ ఫ్రేమ్, పొట్టిగా పీపీఎఫ్ అంటారు. వెనక డిఫరెన్షియల్‌లో పుట్టిన సౌండ్ ఆ ఫ్రేమ్ పట్టుకుని ముందుకు పాకి, గేర్ రాడ్డు దగ్గర బయటపడుతుంది. అరచెయ్యి గేర్ నాబ్ మీద పెడితే జివ్వుమంటుంది. అది చూసి గేర్‌బాక్స్ పోయిందని తేల్చేస్తారు. అందుకే సౌండ్ ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే మారుతోంది అన్నది ముందు పట్టుకోవాలి. చోటు దానంతట అదే తేలుతుంది.

నేను నేర్చుకున్నది దెబ్బ తినే. నా 1995 బండిలో 40 మైళ్ళ వేగం దాటగానే వెనక నుంచి హోరు మొదలయ్యేది. క్రౌన్ పినియన్, అంటే డిఫరెన్షియల్ లోపలి పళ్ళ చక్రాల జత, అరిగిందని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. ఆయిల్ మార్చాను, తగ్గలేదు. పాత బండి నుంచి తీసిన డిఫరెన్షియల్ కొని, రెండు శనివారాలు కింద పడుకుని మార్చాను. మూడో శనివారం రోడ్డెక్కితే అదే హోరు, అదే వేగం దగ్గర. చివరికి అది కుడివైపు వెనక చక్రం బేరింగు. చక్రం గాల్లోకి లేపి, దాని సస్పెన్షన్ స్ప్రింగు మీద చెయ్యి పెట్టి తిప్పి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది.

కావలసినవి

- చిన్న నోట్ పుస్తకం, పెన్ను. ఇది లేకుండా మొదలుపెట్టకండి.
- తోడుగా ఒక మనిషి. ఒకరు నడపాలి, ఒకరు వినాలి.
- ఫ్లోర్ జాకీ, గట్టి స్టాండులు నాలుగు, చక్రాల కింద పెట్టే అడ్డాలు.
- మెకానిక్ స్టెతస్కోపు. 20 డాలర్ల లోపే దొరుకుతుంది. లేకపోతే పొడవాటి స్క్రూడ్రైవరు చాలు. విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీలు దాని పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి వింటారే, అలాగే.
- టార్చి, చేతి తొడుగులు, తెల్ల కాగితం, చిన్న అయస్కాంతం.
- 24 ఎంఎం సాకెట్, పొడవు హ్యాండిల్, బిగువు కొలిచే టార్క్ రెంచి, ఆయిల్ పట్టడానికి పళ్ళెం, ఆయిల్ ఎక్కించడానికి చేతి పంపు.
- ఫోన్లో ఏదైనా స్పెక్ట్రమ్ యాప్, అంటే సౌండ్‌లోని శ్రుతులను గీతలుగా చూపేది. ఉచితంగా దొరికేవి సరిపోతాయి.

దశ 1: ముందు బండి ఖాళీ చేయండి

నవ్వులాటకి చెప్పడం లేదు. డిక్కీలో ఉన్న జాకీ, స్టెప్నీ, పాత నీళ్ళ సీసా, డాష్‌బోర్డులో చిల్లర, అన్నీ తీసి ఇంట్లో పెట్టండి. మియాటా డిక్కీలో జాకీ బిగించే స్క్రూ కాస్త లూజైతే చాలు, గతుకు వచ్చినప్పుడల్లా అచ్చం డిఫరెన్షియల్ కొట్టుకున్నట్టే ఖంగుమంటుంది. ఒక తమ్ముడు డిఫరెన్షియల్‌ని పట్టి ఉంచే రబ్బరు బుష్షులు ఆర్డర్ పెట్టి, అవి వచ్చే ముందు రోజు ఇది కనిపెట్టాడు.

తర్వాత నాలుగు టైర్లలో గాలి చూడండి. ఎన్ఏ బండికి కంపెనీ చెప్పింది 26 పీఎస్ఐ. చక్రాల నట్లు టార్క్ రెంచితో చూడండి, 65 నుంచి 87 పౌండ్-అడుగుల మధ్య ఉండాలి. నట్టు లూజుగా ఉన్న చక్రం కూడా కటకటలాడుతుంది, పైగా అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. టాప్ మూసి, అద్దాలు ఎత్తి, రేడియో, ఏసీ ఆపండి.

దశ 2: సౌండ్‌కి పేరు పెట్టండి

ఈ పనికి మన భాష చాలా బాగా పనికొస్తుంది. "నాయిస్ వస్తోంది" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. నోట్ పుస్తకంలో నోటితో అనుకరించిన మాటే రాయండి.

- హోరు: గాలిలా, సన్నగా మొదలై వేగంతో పెరిగేది. టైర్లు లేదా చక్రం బేరింగు.
- గుర్రుమనడం, గరగర: ఇసుక పోసి రుబ్బినట్టు. బేరింగు.
- కూత, ఈల: ఒకే శ్రుతి మీద సాగేది. పళ్ళ చక్రాలు, ఎక్కువగా క్రౌన్ పినియన్.
- ఖంగు: యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తొక్కినప్పుడు ఒక్కసారి. ఎక్కడో ప్లే, అంటే వదులు ఉంది.
- కిచకిచ: పిచ్చుకలా. రిలీజ్ బేరింగు (క్లచ్ తొక్కినప్పుడు దాన్ని విడదీసేది), లేదా గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ కొసలోని కీలు, అంటే క్రాస్.
- టకటక: ఇంజిన్ వేగంతో పాటు పైనుంచి వచ్చేది. చాలాసార్లు ఇది డ్రైవ్‌ట్రెయిన్ (ఇంజిన్ శక్తిని చక్రాలకు చేర్చే భాగాలు) కానే కాదు.
- గలగల, జిలజిల: రేకు. సైలెన్సర్ పైన ఉండే వేడి రేకు.

టకటక గురించి ఒక మాట. ఎన్ఏ ఇంజిన్లలో వాల్వుల మీద ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటాయి. చలికి ఆగి ఉన్న బండి స్టార్ట్ చేయగానే అవి టకటకమనడం మామూలే. ఆయిల్ వేడెక్కాక తగ్గితే దాని గురించి టెన్షన్ వద్దు. 1999 నుంచి వచ్చిన ఎన్‌బీలో ఆ లిఫ్టర్లు లేవు, కాబట్టి అక్కడ ఈ సమాధానం చెల్లదు.

దశ 3: బండి కదలకుండా క్లచ్ పరీక్ష

సమతలంగా ఉన్న చోట, బయట, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ వేడెక్కాక చేయండి. మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

నాలుగు స్థితుల్లో వినాలి. ఒక్కో దాంట్లో కనీసం అర నిమిషం.

క) న్యూట్రల్, క్లచ్ పూర్తిగా వదిలి.
ఖ) న్యూట్రల్, క్లచ్ మీద కాలు ఆనీ ఆనకుండా, ఒక సెంటీమీటరు మాత్రం నొక్కి.
గ) న్యూట్రల్, క్లచ్ అడుగుదాకా తొక్కి. తొక్కాక ఐదారు సెకన్లు ఆగి అప్పుడు వినండి, లోపల షాఫ్ట్ తిరగడం ఆగాలి.
ఘ) క్లచ్ అడుగుదాకా తొక్కి, మొదటి గేరు వేసి. ఇంకో కాలు బ్రేకు మీదే ఉండాలి. బండి ముందు ఎవరూ నిలబడకూడదు.

ఇప్పుడు రాసుకున్నది చూడండి.

క్లచ్ వదిలినప్పుడు సౌండ్ ఉండి, తొక్కగానే పోతే అది గేర్‌బాక్స్ లోపలిది. అయితే కంగారు పడకండి. ఐడిల్‌లో సన్నగా గలగలమని, యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి 1,200 ఆర్‌పీఎమ్‌కి తీసుకెళ్ళగానే మాయమైతే అది పళ్ళ మధ్య సందు వల్ల వచ్చే చప్పుడే. పాత బండికి అది జబ్బు కాదు. 2,000, 2,500 దాకా తీసుకెళ్ళినా గుర్రుమంటూనే ఉంటే మాత్రం క్లచ్ నుంచి శక్తి తెచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు గానీ, దాని పక్కన గేర్ల పళ్ళు మోసే కౌంటర్ షాఫ్ట్ బేరింగు గానీ అరిగింది.

తొక్కినప్పుడే సౌండ్ వచ్చి, వదలగానే పోతే రిలీజ్ బేరింగు. వదిలినప్పుడు కిచకిచమని, కాలు ఆనగానే ఆగిపోతే కూడా రిలీజ్ బేరింగు దగ్గరే చూడాలి. లేదా దాన్ని తోసే ఫోర్కు కూర్చునే గుండు దగ్గర గ్రీజు ఎండిపోయింది. ఇది ఏళ్ళ తరబడి అలాగే కూస్తూ నడిచే బండ్లున్నాయి. దీని కోసమే గేర్‌బాక్స్ దింపకండి, క్లచ్ మార్చే రోజు దాకా ఆగవచ్చు.

'ఘ' లో మాత్రమే గట్టిగా వినిపిస్తే పైలట్ బేరింగు. ఫ్లైవీల్ మధ్యలో ఉండే చిన్న బాల్ బేరింగు అది. క్రాంక్ తిరుగుతూ ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగినప్పుడే దానికి పని పడుతుంది.

నాలుగు స్థితుల్లోనూ తేడా లేకపోతే ఇంజిన్, బెల్టులు, సైలెన్సర్ రేకులు చూడండి.

ఇక్కడ జరిగే పొరపాటు: గేరు పడేటప్పుడు గరుక్కుమంటోందని సింక్రోలు (గేరు మెత్తగా పడేలా వేగాలు కలిపే రింగులు) పోయాయనుకోవడం. ముందు క్లచ్ ఫ్లూయిడ్ డబ్బా చూడండి. తర్వాత గేర్‌బాక్స్ కుడి పక్కన ఉండే ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ని తోసే స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు మెల్లగా వెనక్కి లాగి చూడండి. లోపల తడి ఉంటే అది కారుతోంది, క్లచ్ పూర్తిగా విడవడం లేదు. మియాటాల్లో ఇది మహా మామూలు. రెండు బోల్టులు, ఒక పైపు, తర్వాత గాలి తీయడం, అంతే పని.

దశ 4: రోడ్డు పరీక్ష

అసలు కథ అంతా ఇక్కడే తేలుతుంది, తొందరపడకండి. బండ్లు తక్కువగా ఉండే తిన్నటి రోడ్డు, మంచి వెలుతురు ఉన్న వేళ. రాయడం పక్కన కూర్చున్నవారి పని, మీ కళ్ళు రోడ్డు మీదే ఉండాలి. వీలైతే రోడ్డు పక్కన పొడవాటి కాంక్రీటు గోడ ఉన్న చోటు చూసుకోండి. గోడ పక్కన వెళ్తున్నప్పుడు అద్దం దించితే బండి కింద సౌండ్ గోడకు కొట్టి తిరిగి మీ చెవికే వస్తుంది. రెండు వైపులా వెళ్ళి చూస్తే ఏ పక్కన ఎక్కువో కూడా తెలుస్తుంది.

మొదటిది, వేగమా ఇంజినా? 45 మైళ్ళ దగ్గర వేగం నిలకడగా పెట్టి మూడో గేరు, నాలుగో గేరు, ఐదో గేరు మార్చి చూడండి. 1.8 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్లు ఉన్న ఎన్ఏలో ఆ వేగానికి ఇంజిన్ దాదాపు 3,600, 2,700, 2,200 ఆర్‌పీఎమ్ దగ్గర ఉంటుంది. చక్రాలు, ప్రొపెల్లర్ షాఫ్ట్, డిఫరెన్షియల్ మాత్రం మూడు గేర్లలోనూ ఒకే వేగంతో తిరుగుతాయి. సౌండ్ స్థాయి, శ్రుతి మారకపోతే గేర్‌బాక్స్ అవుట్‌పుట్ తోక నుంచి టైర్ల దాకా ఎక్కడో ఉంది. ఇంజిన్‌తో పాటు మారితే ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ ముందు భాగం.

రెండోది, న్యూట్రల్‌లో జారనివ్వడం. అదే 45 దగ్గర క్లచ్ తొక్కి, న్యూట్రల్ చేసి వదిలేయండి. సౌండ్ ఏమాత్రం తగ్గకుండా వేగంతో పాటే మెల్లగా దిగితే టైర్లు, చక్రం బేరింగుల మీద అనుమానం బలపడుతుంది. తాళం చెవి మాత్రం తిప్పకండి. ఇంజిన్ ఆగితే బ్రేకుకి సాయం పోతుంది, స్టీరింగ్ లాక్ పడవచ్చు.

మూడోది, బరువు, అంటే ఇంజిన్ లాగే భారం. 50 దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా ఇవ్వండి, తర్వాత అదే వేగం నిలబెట్టేంత మాత్రమే ఇవ్వండి, తర్వాత పూర్తిగా వదిలేయండి. మూడు స్థితుల్లో కూత వచ్చి పోతూ ఉంటే పళ్ళ చక్రాల సౌండ్, అంటే క్రౌన్ పినియన్. బరువుతో సంబంధం లేకుండా గరగర ఒకేలా ఉంటే బేరింగు. నా 1995 బండిలో హోరు యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా అలాగే ఉండేది. ఆ ఒక్క ముక్క రాసుకుని ఉంటే డిఫరెన్షియల్ జోలికి వెళ్ళేవాణ్ణే కాదు.

నాలుగోది, నాలుగో గేరు. ఐదు గేర్ల మియాటాలో నాలుగో గేరు నిష్పత్తి సరిగ్గా 1. ఇంజిన్ శక్తి కౌంటర్ షాఫ్ట్ మీదికి దిగకుండా నేరుగా వెనక్కి వెళ్ళిపోతుంది. కాబట్టి మొదటి, రెండు, మూడు, ఐదు గేర్లలో గుర్రుమని, నాలుగులో మాత్రం హాయిగా ఉంటే కౌంటర్ షాఫ్ట్ బేరింగులే. ఒకే ఒక్క గేరులో వస్తే ఆ గేరు పళ్ళు. ఆరు గేర్ల ఎన్‌బీలో ఈ నేరు గేరు ఐదోది, అక్కడ ఐదులో చూడండి.

ఐదోది, ఊపు. ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ స్థలంలో, 30 మైళ్ళు దాటకుండా, స్టీరింగ్ మెల్లగా ఎడమకీ కుడికీ తిప్పండి. ఎడమకి తిప్పినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడి బేరింగు మీద అనుమానం. హైవే మీద ఈ పని చేయకండి. ఈ ఒక్క పరీక్షతోనే బేరింగు ఆర్డర్ పెట్టకండి కూడా. ఒక్కోసారి ఇది తిరగబడి చెప్తుంది.

ఆరోది, రోడ్డు ఉపరితలం. కాంక్రీటు రోడ్డు మీద ఒక సౌండ్, కొత్తగా వేసిన తారు మీద ఇంకో సౌండ్ వస్తే అది టైరు. వెనక టైరు అంచు మీద చెయ్యి వేసి ముందుకీ వెనక్కీ రాయండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపంలా తగిలితే దాని సంగతి తేలినట్టే. కంపెనీ చక్రాలు నాలుగూ ఒకే సైజు కాబట్టి ముందువి వెనక్కి మార్చి నడపండి. హోరు ముందుకు వచ్చేస్తే ఖర్చు టైర్లతో పోయినట్టే. తిరిగే దిశ బాణం గుర్తు ఉన్న టైర్లయితే అదే పక్కన మాత్రమే మార్చాలి.

దశ 5: ఫోన్‌తో లెక్క తేల్చడం

ఇది తప్పనిసరి కాదు గానీ, చెవి మీద నమ్మకం లేనివారికి చాలా ధైర్యం ఇస్తుంది. ఫోన్‌ని సీట్ల వెనక కార్పెట్ మీద టేపుతో అంటించి, స్పెక్ట్రమ్ యాప్ ఆన్ చేసి, 60 మైళ్ళ దగ్గర అర నిమిషం రికార్డు చేయండి. తెరని చూడాల్సింది పక్కవారు.

185/60 ఆర్14 టైర్లు, 4.1 నిష్పత్తి డిఫరెన్షియల్ ఉన్న బండిలో 60 మైళ్ళకు చక్రం సెకనుకు దాదాపు 15 సార్లు తిరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ దాదాపు 60 సార్లు. క్రాస్ అరిగితే అదురు షాఫ్ట్ ఒక్క చుట్టుకి రెండుసార్లు వస్తుంది కాబట్టి 120 హెర్ట్జ్ దగ్గర గీత లేస్తుంది. క్రౌన్‌కి 41 పళ్ళు, కాబట్టి దాని కూత దాదాపు 600 హెర్ట్జ్. 1.6 ఇంజిన్ బండ్లలో నిష్పత్తి 4.3, అక్కడ ఈ కూత 635 దగ్గర ఉంటుంది. చక్రం బేరింగు ఇలా ఒక్క గీతగా కనిపించదు, కింది అంకెల్లో మొద్దుగా ఉబ్బుతుంది.

నిర్ధారించుకోవడానికి వేగం సగం చేయండి. 30 మైళ్ళకు ఆ గీత 300కి దిగితే మీ లెక్క సరైనది. దిగకుండా అక్కడే నిలబడితే అది గాలో, బాడీ అదురో, మరొకటో. టైర్ల సైజు మార్చిన బండికి ఈ అంకెలు కొద్దిగా జరుగుతాయి.

దశ 6: బండి లేపి చూడటం

ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డాలు పెట్టండి. జాకీని వెనక డిఫరెన్షియల్ కింద మధ్యలో పెట్టి లేపి, పక్క అంచుల్లో గాట్లు పెట్టిన చోట స్టాండుల మీద దించండి. పీపీఎఫ్ కింద జాకీ పెట్టకండి, అది వంగితే షాఫ్ట్ కోణం చెడిపోతుంది. బండి కింద దూరే ముందు బంపర్ పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎప్పుడూ కింద దూరకండి.

చక్రం బేరింగు: గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ తీసేయాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కటక్‌మని ఆడితే బేరింగు గానీ, హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) నట్టు గానీ, జాయింటు గానీ. తోడున్నవారిని లోపలి నుంచి ఏది కదులుతోందో చూడమనండి. ఆడకపోయినా మంచిదని కాదు. ఒక చేతి వేళ్ళ కొసలు స్ప్రింగు మీద ఆనించి, ఇంకో చేత్తో చక్రం తిప్పండి. మంచి బేరింగు అయితే స్ప్రింగు నిశ్శబ్దంగా ఉంటుంది. పోయినదైతే వేళ్ళ కింద సన్నటి ఇసుక జారుతున్నట్టు జలజలమంటుంది. చెవికి ఏమీ వినపడకపోయినా వేళ్ళకు తెలుస్తుంది. రెండో పక్క కూడా తిప్పి పోల్చండి, తేడా అప్పుడే అర్థమవుతుంది. జుట్టు, వదులు చొక్కా చేతులు, గొలుసులు చక్రానికి దూరంగా ఉంచండి.

బండి కదిలేటప్పుడు, లేదా రివర్స్ నుంచి ముందుకు మారినప్పుడు ఒక్కసారి టిక్కుమంటోందా? హబ్‌లో ఇరుసు పళ్ళు ఎండిపోయి ఉండవచ్చు, లేదా మధ్య నట్టు లూజు. 29 ఎంఎం నట్టు అది, 160 నుంచి 210 పౌండ్-అడుగుల బిగువు ఉండాలి. చక్రాలు నేల మీద ఉండగానే బిగించాలి, స్టాండుల మీద అంత బలం పెట్టకండి.

ప్రొపెల్లర్ షాఫ్ట్: న్యూట్రల్‌లోనే క్రాస్‌కి అటూ ఇటూ రెండు చేతులతో పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టండి. అక్కడ వెంట్రుకంత కూడా ఆడకూడదు. కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల గ్రీజు అయిపోయింది. మియాటా క్రాస్‌లు లాకు రింగులతో కాకుండా అంచు నొక్కి బిగించినవి కాబట్టి షాఫ్ట్ మొత్తం మార్చడం సులువు.

ఖంగుమనే బండ్లకు: గేరులో పెట్టి వెనక చక్రం ముందుకీ వెనక్కీ కదపండి. కొంచెం ప్లే అన్ని బండ్లలో ఉంటుంది. డిఫరెన్షియల్ మొత్తం పైకి లేస్తుంటే దాని బుష్షులు. తర్వాత పీపీఎఫ్ బోల్టులు తప్పకుండా చూడండి, 77 నుంచి 91 పౌండ్-అడుగులు. ఎప్పుడో ఎవరో క్లచ్ మార్చిన బండిలో మొదట చూడాల్సింది ఇవే. గేర్‌బాక్స్ దింపాలంటే పీపీఎఫ్ తీయాల్సిందే, తిరిగి పెట్టేటప్పుడు బిగువు తక్కువైన బండ్లు నేను రెండు చూశాను. రెండింటికీ కొత్త డిఫరెన్షియల్ కావాలని చెప్పారట.

రేకులు: సైలెన్సర్ పూర్తిగా చల్లారాక పిడికిలితో వరసగా తట్టుకుంటూ రండి. జిలజిలమన్న చోట స్టీల్ హోస్ క్లిప్పు ఒకటి చుట్టి బిగిస్తే సరి.

ఒక హెచ్చరిక. వెనక చక్రాలు గాల్లో వేలాడుతుండగా గేరులో బండి నడిపి వినమని కొందరు చెప్తారు. అలా వేలాడినప్పుడు ఇరుసుల కోణం పెరిగి ఇరుసుల కొసల్లోని మంచి సీవీ జాయింట్లు కూడా కొట్టుకుంటాయి. తప్పుడు సమాధానం వస్తుంది, బండి స్టాండు మీద నుంచి జారితే ఎవరూ ఆపలేరు. ఆ పరీక్ష కావాలంటే లిఫ్టు ఉన్న షాపులో చేయించండి.

దశ 7: ఆయిల్ చెప్పే సాక్ష్యం

బండి నాలుగు స్టాండుల మీద సమతలంగా ఉండాలి. గేర్‌బాక్స్‌కైనా డిఫరెన్షియల్‌కైనా ముందు ఆయిల్ పోసే ప్లగ్ విప్పండి. అది పట్టేసి రాకపోతే అక్కడే ఆగిపోండి. ముందు కిందిది విప్పి ఆయిల్ వదిలేశాక పైది రాకపోతే బండి కదలదు.

విప్పాక చిటికెన వేలు లోపలికి పెట్టి వంచండి. ఆయిల్ రంధ్రం అంచుదాకా తగలాలి. తగలకపోతే సౌండ్‌కి కారణం అదే కావచ్చు, కారిన చోటు కూడా వెతకాలి.

వదిలిన ఆయిల్ కొంచెం తెల్ల కాగితం మీద పోసి వెలుతురులో చూడండి. ప్లగ్ అయస్కాంతం మీద కాటుకలాంటి బూడిదరంగు ముద్ద ఉండటం మామూలే. వేళ్ళ మధ్య నలిపితే గుచ్చుకునే పెచ్చులు, సూదుల్లాంటి ముక్కలు ఉంటే లోపల ఏదో విరుగుతోంది. అయస్కాంతానికి అంటని బంగారు రంగు మెరుపు గేర్‌బాక్స్ ఆయిల్‌లో కనిపిస్తే అది సింక్రో రింగుల ఇత్తడి. పాలలా తెల్లబడితే నీళ్ళు చేరాయి.

ఐదు గేర్ల బాక్సుకి 75డబ్ల్యూ-90, జీఎల్-4 రకం, 2 లీటర్లు. డిఫరెన్షియల్‌కి జీఎల్-5 రకమే పోయాలి. 1.8 బండ్లకు లీటరు, 1.6 ఎన్ఏకి 0.65 లీటరు. సౌండ్ తగ్గించడానికని చిక్కటి ఆయిల్, డబ్బాల్లో అమ్మే మందులు పోయకండి. నాలుగు వారాలు సౌండ్ దాక్కుంటుంది, అరుగుదల మాత్రం ఆగదు. పాత ఆయిల్ కాలువలో పారబోయకండి, చాలా ఆటో పార్ట్స్ షాపులు ఉచితంగా తీసుకుంటాయి.

గేర్ రాడ్డే బుర్రుమంటుంటే లోపల కన్సోల్ తీసి చూడండి. ఐదు గేర్ల బాక్సులో రాడ్డు కిందికి దిగే గిన్నెకు విడిగా ఆయిల్ ఉంటుంది, చిన్న కాఫీ కప్పుకి తక్కువే. కింది రబ్బరు తొడుగు చిరిగి, అడుగున నైలాన్ బుష్షు అరిగి ఉంటాయి. గేర్‌బాక్స్ దింపక్కర్లేదు, మధ్యాహ్నం భోజనం వేళకు అయిపోయే పని.

బండి నడపడం వెంటనే ఆపాల్సినప్పుడు

చక్రం పైకీ కిందికీ స్పష్టంగా ఆడుతుంటే, ఖంగుమన్న వెంటనే కొత్తగా అదురు మొదలైతే, డిఫరెన్షియల్ నుంచి ఆయిల్ చుక్కలు పడుతుంటే, గేరు దానంతట అది జారి న్యూట్రల్‌లోకి వస్తుంటే, టో చేయించండి. ఇంటిదాకా మెల్లగా వెళ్ళిపోవచ్చులే అనుకోకండి.

దశ 8: పార్టు కొనే ముందు, మార్చిన తర్వాత

పార్టు ఆర్డర్ పెట్టాలంటే రెండు వేర్వేరు పరీక్షలు ఒకే పేరు చెప్పాలి. ఉదాహరణకు బేరింగు అనుకుంటే, రోడ్డు మీద బరువుతో సంబంధం లేని గరగర ఒకటి, స్ప్రింగు మీద వేళ్ళకు తగిలిన జలజల ఒకటి. ఒక్కటే చెప్తే ఇంకో రోజు ఆగి మళ్ళీ చూడండి. షాపుకి తీసుకెళ్తే మీ నోట్ పుస్తకం చూపించండి. ఏ గేరులో, ఏ వేగంలో, ఏం చేస్తే పోతోందో చెప్పినవారి బండిని మెకానిక్ వేరేగా చూస్తాడు. రిలీజ్ బేరింగు కోసం గేర్‌బాక్స్ దింపుతుంటే క్లచ్ ప్లేటు, పైలట్ బేరింగు, క్రాంక్ వెనక ఆయిల్ సీలు అప్పుడే మార్పించేయండి. కూలి రెండోసారి ఇవ్వక్కర్లేదు. తిరిగి బిగించేటప్పుడు పీపీఎఫ్ ఎత్తు కొలిచి పెట్టారా అని అడగండి.

ఒకసారికి ఒకే పని చేయండి. టైర్లు, బేరింగు, ఆయిల్ ఒకేరోజు మార్చేస్తే సౌండ్ పోయినా ఎందుకు పోయిందో తెలియదు.

మార్చాక అదే రోడ్డు, అదే వేగాలు, టైర్లలో అంతే గాలి, టాప్ మూసే. దశ 4 మొత్తం మళ్ళీ చేసి పాత పేజీ పక్కన కొత్త పేజీ రాయండి. ఫోన్ అంతకుముందు అంటించిన చోటే అంటించండి. కొత్త బేరింగు వేసి 100 మైళ్ళు నడిపాక చక్రం మళ్ళీ లేపి ఆడుతోందేమో చూసి, అన్ని నట్ల బిగువు ఇంకోసారి సరిచూడండి. సౌండ్ సగం తగ్గి సగం మిగిలితే మీరు తప్పు చేశారని కాదు. పాత బండిలో ఒకేసారి రెండు సౌండ్లు ఉండటం తరచూ జరిగేదే, పెద్దది పోయాకే చిన్నది వినిపిస్తుంది. దానికి దశ 2 నుంచి కొత్త పేజీ మొదలుపెట్టండి.